తలలు తుంచే జంపక్క

జంపక్క దగ్గర టేపు లేదు, కొలకర్ర లేదు. మొక్క ఎత్తును ఆమె తన ఒంటితోనే కొలుస్తుంది. మోకాలెత్తు, తొడెత్తు, నడుమెత్తు, రొమ్మెత్తు. అంతకు మించితే ఆమె లెక్కలో అది చెట్టు. మనిషి పొట్టి. అందుకని పక్క ఊళ్ల రైతులు ఆమెను పనికి పిలిచేటప్పుడు, "నీ నడుమెత్తా, మా నడుమెత్తా?" అని అడిగి నవ్వుతారు.

"తుంచేది నేనైతే మీ నడుమెందుకొస్తది మధ్యల?" అంటుంది ఆమె.

ఆమె పని కంది చేలల్లో, పత్తి చేలల్లో తలలు తుంచడం. మొక్క నిటారుగా పెరిగిపోతున్నప్పుడు కొసన ఉన్న చిగురును గిల్లేస్తారు. పైకి పోవాల్సిన బలం పక్కలకు తిరుగుతుంది. ఒక్క కాడ ఉన్నచోట రెండు కొమ్మలు వస్తాయి. కొమ్మలు పెరిగితే పూత, పూత నిలిస్తే కాయ. పని చూడటానికి చిన్నదే. రోజు తప్పితే మాత్రం పంట తప్పినట్టే. ముందుగా తుంచితే మొక్క కుంగుతుంది. ఆలస్యంగా తుంచితే కాడ ముదిరి, గిల్లినచోట చీలుతుంది. వ్యవసాయ శాఖవాళ్లు విత్తిన నాటి నుంచి ఇన్ని రోజులని లెక్క చెబుతారు. జంపక్క రోజులు లెక్కపెట్టదు. చేలో నాలుగు అడుగులు వేసి, చిగురు తన కాలికి ఎక్కడ తగిలిందో చూసి, రేపో ఎల్లుండో అని చెబుతుంది. ఆ మాట కోసం కొత్తగూడెం వైపు నుంచి కూడా మనుషులు వస్తారు.

ఆమెది భద్రాచలం దారిలో అడవిని ఆనుకుని ఉన్న వెదుళ్లగూడెం. నలభై గడపల కోయ ఊరు. వాగుకు అవతల అడవి, ఇవతల పొలాలు. ఇంట్లో కోయ మాట, బయట తెలుగు. వయసు యాభై ఐదో యాభై ఏడో. ఆధార్ కార్డు మీద ఉన్నది మాత్రం అరవై ఒకటి. పెళ్లయిన ఆరేళ్లకు భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడు పగిడయ్యను పెంచింది ఆమే.

తల్లి నుంచి ఆమెకు పనితో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. ఏ చేలో తలలు తుంచినా తూర్పు మూల మొదటి మొక్కను ముట్టుకోదు. అది నేలతల్లిది. అన్ని తలలూ తీసేసి ఆమెకు ఒక్కటి కూడా వదలకపోతే ఎట్లా అని తల్లి అనేది. రైతులకు ఇది తెలుసు. కందిచేను మూలన ఒక్క మొక్క మిగతావాటి కంటే మూరెడు ఎత్తుగా నిలబడి ఉంటే, జంపక్క చెయ్యి పడ్డ చేను అని దారిన పోయేవాళ్లు కూడా చెప్పేస్తారు.

పగిడయ్యకు వాగు ఒడ్డున నాలుగు ఎకరాల పోడు భూమి ఉంది. ఆ భూమి కోసం అక్కా తమ్ముళ్లు పడ్డ పాట్లు ఊళ్లో అందరికీ తెలుసు. చెట్లు కొట్టి చదును చేసుకున్న నేలలో అటవీ శాఖవాళ్లు ఒక ఏడాది కందకాలు తవ్వారు, ఇంకో ఏడాది మొక్కలు నాటారు. పగిడయ్య రెండుసార్లు కేసులో ఇరుక్కుని బయటికి వచ్చాడు. పద్దెనిమిదేళ్లకు పట్టా చేతికొచ్చింది. ఆ పుస్తకాన్ని అతను ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాడు. పోడు పట్టా భూమిని అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు. తప్పుడు పని జరిగితే పట్టా వెనక్కి పోతుందని పంచిన రోజే మైకులో చెప్పారు.

నిరుడు ఆషాఢంలో పగిడయ్య తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. భద్రాచలంలో కట్టు కట్టి ఖమ్మం పెద్ద దవాఖానాకు పంపారు. అక్కడ రాడ్డు వేశారు. తర్వాత దసరా దాకా కుసుమంచిలో కూతురు దుర్గ ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు. తొలకరి పడి పక్క చేలన్నీ పచ్చబడుతుంటే అతని నేల అట్లాగే పడి ఉంది.

అప్పుడు సతీష్ ఫోన్ చేశాడు. సతీష్‌ది ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి. బైక్ మీద ఊళ్లు తిరిగి విత్తనాలు, పురుగుమందులు అమ్ముతాడు. మాట మెత్తన. "పెద్దనాన్నా, నేల ఊకెనే ఉండుడెందుకు? వాగు పక్కన ఎకరం నేను జేస్త. కంది పెడ్త. సగం నీది" అన్నాడు. మంచం మీద ఉన్న మనిషి సరేనన్నాడు. కాగితం రాసుకోలేదు. రాసుకోవడానికి వీల్లేని భూమి అది.

శ్రావణం చివర్లో సతీష్ జంపక్క దగ్గరకు వచ్చాడు. మీ తమ్ముడి చేనే, కంది మోకాలు దాటుతోంది, రెండు రోజులు వచ్చి తలలు తుంచమన్నాడు. మామూలు కూలికి రెట్టింపు ఇస్తానన్నాడు. జంపక్క తనతో పాటు పక్కింటి పూలిని తీసుకెళ్లింది. పూలి ముప్పై ఏళ్ల మనిషి. చేతులకంటే నోరు వేగం.

చేలోకి దిగిన కాసేపటికే జంపక్కకు తెలిసింది. కొన్నిచోట్ల రెండు కంది సాళ్ల మధ్య ఎడం ఎడంగా ఇంకో సాలు ఉంది. కంది మోకాలి దగ్గర ఉంటే అది తొడ దాటింది. సన్నటి ఆకులు, అంచుల్లో రంపం పళ్లు. ఆమె ఒక ఆకు గిల్లి ముక్కు దగ్గర పెట్టుకుంది.

సతీష్ గట్టు మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఇది గంజాయి గద సతీషూ."

"మందుల కంపెనీకి పెద్దమ్మా. పర్మిషనున్నది."

"పర్మిషనుంటే కంది నడుమ ఎందుకు దాస్తిరి?"

"దాసుడేంది. ఎండ తగలొద్దని నీడకు పెట్టినం. నువ్వు జేసేదేమున్నది, కందితోటి పాటు దీని తలలు గూడ గిల్లు. కందిని మించి పైకి రావొద్దు, గంతే."

పూలి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేను దీన్ని ముట్టుకోను వదినా. చేతికి జిగట పట్టుకుంటది. మా ఆయన వాసన జూసి, బువ్వకు బదులు నా చేతులే నాకుతడు."

జంపక్క నవ్వింది. చిన్నప్పుడు పశువుల కొట్టం వెనక ఒకటో రెండో గంజాయి మొక్కలు ఉండేవి. ఎద్దుకు కడుపు ఉబ్బితే ఆకు నూరి పోసేవాళ్లు. ఆముదం చెట్టుకు ఎంత భయపడ్డారో దానికీ అంతే. కాలం మారిందని ఆమెకు తెలుసు. బస్సుల్లో సంచులు తడిమి చూడటం, పక్క మండలంలో ఇద్దరు జైలుకు పోవడం, అన్నీ తెలుసు. కంపెనీ మాట ఆమె పూర్తిగా నమ్మలేదు, పూర్తిగా కొట్టేయలేదు. తర్వాత ఎవరడిగినా తెలియక చేశానని మాత్రం ఆమె ఎప్పుడూ అనలేదు.

కంది పూలికి వదిలి, మధ్య సాళ్లను కందితో సమంగా మోకాలి దగ్గర తుంచడానికి తాను పట్టుకుంది. ఎప్పటిలాగే తూర్పు మూల నుంచి మొదలుపెట్టింది. ఎప్పటిలాగే మూల మొదటి మొక్కను వదిలేసి రెండోదాని దగ్గర వంగింది. ఆ మూల మొదటి మొక్క కంది కాదు. చెయ్యి ఆ సంగతి పట్టించుకోలేదు. ముప్పై ఐదేళ్ల అలవాటు మొక్క పేరు అడగదు.

ఇరవై రోజులకు సతీష్ ఫోన్ చేశాడు. గిల్లినచోట నుంచి రెండేసి కొమ్మలు లేచి మళ్లీ కందిని దాటుతున్నాయట. "జర నడుమెత్తు కాడ ఆపు పెద్దమ్మా." పూలి ఈసారి రానంది. "నువ్వు గూడ పోకు వదినా. కంపెనీ అయితే గా పిల్లగాడు చేన్లకు దిగకుండ గట్టు మీదనే ఎందుకుంటడు?" అని కూడా అంది.

జంపక్క ఒక్కతే వెళ్లింది. ఒకసారి తుంచిన చేనును రెండోసారి తుంచకుండా వదిలేయడం ఆమెకు చేతకాదు. పక్కలకు విచ్చుకున్న కొమ్మలు కందిని తోసేస్తుంటే చూసి ఊరుకోలేకపోయింది. బతుకమ్మ పండుగకు నాలుగు రోజుల ముందు, సాయంత్రానికి ఎకరం పూర్తి చేసి, వాగులో చేతులు ఇసుకతో రుద్దుకుని ఇంటికొచ్చింది. వాసన రెండు రోజులు పోలేదు.

దసరా వెళ్లాక పగిడయ్య కర్ర పట్టుకుని ఊరికొచ్చాడు. మరుసటి వారం అక్క భుజం పట్టుకుని గట్టు దాకా నడిచి తన చేను చూసుకున్నాడు. అంతా కంది పూత. పసుపు పచ్చగా, ఒకే ఎత్తులో, దువ్వినట్టుగా ఉంది. దూరాన తూర్పు మూలన ఎత్తుగా కనిపించింది అక్క వదిలే నేలతల్లి మొక్కే అనుకున్నాడు.

"మంచిగ జేసిండు గద సతీషు" అన్నాడు.

జంపక్క అతన్ని ఇంటివైపు మళ్లించింది. పడి లేచిన మనిషికి ఇప్పుడే చెప్పడం ఎందుకు, కోత అయ్యాక సతీషే పీక్కుపోతాడు అనుకుంది. పగిడయ్య తర్వాత కూడా రెండుసార్లు కర్ర ఊతంతో గట్టు దాకా వెళ్లొచ్చాడు. అతను వెళ్లడం ఊళ్లో చాలామంది చూశారు.

డిసెంబరు మొదటి వారంలో ఎక్సైజ్ జీపు ఒకటి వేరే ఊరికి పోతూ వాగు కల్వర్టు మీద ఆగింది. ఆ దారిలో ఫోన్ సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. ఎస్సై నాగలక్ష్మి కిందికి దిగి ఫోన్ మాట్లాడుతూ పొలాల వైపు తిరిగింది. ఆమెది ముదిగొండ దగ్గర పత్తి రైతు ఇల్లు. చేలు చూస్తూ మాట్లాడటం ఆమెకు అలవాటు. ఒకే ఎత్తులో కోసినట్టున్న కందిచేను, దాని మూలన ఒక్క మొక్క, ఇద్దరు మనుషుల ఎత్తుకు కొంచెం తక్కువ. ఆకు గాలికి వెనక్కి తిరిగితే తెల్లగా మెరుస్తోంది. ఆమె మాట మధ్యలో ఫోన్ పెట్టేసింది.

గంటలో ఊరంతా గట్టు మీద ఉంది. పంచాయతీ కార్యదర్శిని, ఇంకో ఉద్యోగిని సాక్షులుగా పిలిపించారు. కంది సాళ్ల మధ్య నుంచి వేర్లతో పాటు పీకి కుప్ప వేస్తే తొంభై నాలుగు మొక్కలయ్యాయి. కానిస్టేబుల్ హరిలాల్ టేపు పట్టి ఒక్కొక్కటి కొలిచి చెబుతుంటే కార్యదర్శి రాసుకుంటున్నాడు. మూడున్నర అడుగులు. మూడుంపావు. మూడున్నర. మూడు. మూల మొక్క ఒక్కటే తొమ్మిది అడుగుల మీద రెండంగుళాలు.

పట్టా ఎవరి పేరున ఉందో తెలియడానికి పెద్ద సేపు పట్టలేదు. పగిడయ్యను మంచం మీద నుంచి లేపి తీసుకొచ్చారు. అతను దవాఖానా కాగితాలు వెంట తెచ్చుకున్నాడు.

"నేను ఊర్ల లేను మేడమ్. ఆషాఢంల పడ్డ. దసరా దాక కుసుమంచిల మంచం మీదున్న. సూడుండ్రి, తారీఖులున్నయి. సతీషనే పిల్లగానికిస్తి, కంది పెడ్తనన్నడు."

నాగలక్ష్మి కాగితాలన్నీ చదివింది. ఎక్స్‌రే కూడా ఎండకు పెట్టి చూసింది.

"కౌలు కాగితముందా?"

"లేదు మేడమ్."

"సతీష్ ఫోన్?"

ఫోన్ కలవలేదు. అప్పటికే ఎవరో అతనికి చెప్పేశారు.

"దసరాకు వచ్చినవ్ అంటున్నవ్" అంది నాగలక్ష్మి. "ఇప్పటికి రెండు నెలలు. హరిలాల్, మొక్కలెన్ని నెలలవి?"

"మూడున్నర అడుగులంటే రెండు నెలలు మేడమ్. ఇంకో పది రోజులు ఎక్కువేసుకోండ్రి" అన్నాడు హరిలాల్. పదిహేనేళ్లుగా ఇట్లాంటి కుప్పలు కొలిచిన మనిషి.

"మరి గా మూలది?"

"అది పాత గింజ ఎక్కడ్నో పడి మొలిచుంటది మేడమ్. దాన్ని చూసే వీళ్లకు తోవ దొరికుంటది."

నాగలక్ష్మి కాగితాలు మడిచి పగిడయ్య చేతికిచ్చింది. "నువ్వు ఊర్ల లేనప్పుడు పెట్టిన మొక్కలైతే ఇప్పటికి గా మూల మొక్కంత ఉండాలె. ఇవి చిన్నయి. నువ్వొచ్చినంకనే పెట్టినయి. నీ కాగితమే చెప్తున్నది. గట్టు కాడికి మూడుసార్లు పోయినవని ఊరోళ్లు గూడ చెప్పిండ్రు."

పగిడయ్యకు అర్థం కాలేదు. తనను కాపాడుతుందని తెచ్చుకున్న కాగితం ఎట్లా తిరగబడిందో తెలియక దాన్ని మళ్లీ విప్పి చూసుకున్నాడు. చదువు రాదు. కర్ర మీద బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుని, "నా పట్టా పోతదా మేడమ్?" అని అడిగాడు. జైలు గురించి అడగలేదు.

"అది నా చేతుల లేదు. రెవెన్యూవాళ్లకు రాస్తం" అంది ఆమె.

జంపక్క అప్పటికే గట్టు చివర నిలబడి ఉంది. పక్క ఊళ్లో మిరప చేలో ఉంటే పూలి ఫోన్ చేసింది. వచ్చేసరికి కొలతలు నడుస్తున్నాయి. మొక్కలు చిన్నవి అన్న మాట ఆమె చెవిన పడింది. అవి చిన్నవి కావు. ఆమె చెయ్యి పడి పొట్టివయ్యాయి. ఆ సంగతి అక్కడున్న వాళ్లలో ఇద్దరికే తెలుసు. రెండో మనిషి పూలి నేలకేసి చూస్తోంది.

ఊరుకుంటే తమ్ముడు జీపెక్కుతాడు. పద్దెనిమిదేళ్లు తిరిగి తెచ్చుకున్న నేల పోతుంది. మాట్లాడితే, ఎట్లా తెలుసని అడుగుతారు. సతీష్ మనుషులెవరో వచ్చి తుంచిపోయారని చెప్పొచ్చు. అప్పుడు ఏ రోజు తుంచారో చెప్పేవాళ్లుండరు. రోజు చెప్పలేకపోతే తుంచిన సంగతి నిలబడదు. ఆమె ఇదంతా ఎంతసేపు ఆలోచించిందో గట్టు మీద ఉన్నవాళ్లు రకరకాలుగా చెబుతారు. పూలి మాత్రం, కుప్ప మీద నుంచి కార్యదర్శి రెండు మొక్కలు తీసి పక్కన పెట్టినంతసేపు అంటుంది.

జంపక్క కుప్ప దగ్గరకు వెళ్లి ఒక మొక్క ఎత్తింది.

"ఏయ్, ముట్టుకోవద్దు" అన్నాడు హరిలాల్.

"ఎత్తు జూసి వయసు చెప్తున్నవ్ గద. గొర్రెకు బొచ్చు గత్తిరిచ్చి పిల్ల అంటే అయితదా?"

గట్టు మీద ఎవరో నవ్వారు. నాగలక్ష్మి నవ్వలేదు. "నువ్వెవరవ్వా?"

"వీని అక్కను. జంపక్కంటరు. మేడమ్, దీని మొదలు పట్టుకో. ఇగ గా మూల మొక్క మొదలు పట్టుకో. ఏమన్న ఫరకున్నదా?"

నాగలక్ష్మి రెండూ పట్టుకుని చూసింది. రెండు మొదళ్లూ బొటనవేలి కంటే లావు. రెండూ గట్టిపడి బెరడు గీతలు పడి ఉన్నాయి.

"రెండు నెలల మొక్కకు గింత కట్టె ఉంటదా? నువ్వు చేన్ల పని ఎరిగినట్టున్నవ్, చెప్పు." జంపక్క మొక్కను తన కాలి పక్కన నిలబెట్టి మోకాలి దగ్గర వేలు పెట్టింది. "ఇగో ఈడ మచ్చ. ఈడ తల గిల్లితే పక్కలకెళ్లి రెండు కొమ్మలు లేచినయ్. ఇగ ఈడ, నడుము కాడ, ఇంకో మచ్చ. రెండు నాలుగైనయ్. వేరే మొక్క తీసుకో. ఏది తీసుకున్నా గీ రెండు జాగలల్లనే ఉంటయ్. మూలదానికి మచ్చ లేదు. చెయ్యి పడలే, పెరిగింది. అన్నీ ఒక్క నాడు పెట్టినవే."

నాగలక్ష్మి వంగి మరో మొక్క తీసింది. మచ్చ మీద గోటితో గీసింది. మాని, బెరడు కమ్మిన మచ్చ. ఇంకో నాలుగు చూసింది. పత్తి చేలో తన తండ్రి చేసే పని ఇదే. చిన్నప్పుడు ఆమె కూడా చేసింది.

"మొదటి మచ్చ ఎన్ని రోజులది?"

"శ్రావణం ఆఖర్లది. అప్పటికి తొడ దాటినయ్. అంటే విత్తింది ఆషాఢంల. రెండోది బతుకమ్మకు నాలుగు రోజుల ముందు. అప్పుడు వీడు కుసుమంచిల మంచం మీదున్నడు. మంచం మీద మనిషి విత్తనమెట్ల పెడ్తడు?"

"అంత ఖరారుగ ఎట్ల చెప్తున్నవ్? ఎవలు తుంచిండ్రు?"

కార్యదర్శి పెన్ను ఆపాడు. నాగలక్ష్మి మొక్కను కుప్ప మీద పెట్టి, గొంతు తగ్గించింది.

"అవ్వా, జర ఆలోచించి చెప్పు. నువ్వు చెప్పేది రాస్తే నీ పేరు గూడ రాయాలె. పేరు రాస్తే ఇంటికి పోనియ్యరు. తెల్వకుంట జేసినవేమో."

"తెల్సే జేసిన."

"అక్కా" అన్నాడు పగిడయ్య. "ఏందే నువ్వు చెప్పేది?"

"నువ్వూకోరా. కాలు నొస్తది, కూసో." ఆమె ఎస్సై వైపు తిరిగింది. "సతీష్ పిలిచిండు, రెట్టింపు కూలిచ్చిండు. కంపెనీకి అన్నడు. నేను గంజాయి అని గుర్తువట్టే తుంచిన. రెండు తాపలు తుంచింది నేనే. నా తమ్మునికి తెల్వది. నేను చెప్పలే. రాసుకో."

"ఒక్కదానివేనా? ఇంకెవలన్న వచ్చిండ్రా?"

పూలి తల ఎత్తింది.

"ఇంకో మనిషి కంది తుంచింది. దీన్ని ముట్టుకోలే. ఆమె పేరు నీకెందుకు?"

నాగలక్ష్మి అడిగిన ప్రశ్నను మళ్లీ అడగలేదు. కార్యదర్శి వైపు తిరిగి, కొలతల పక్కన మచ్చల ఎత్తు కూడా రాయమంది. హరిలాల్ మళ్లీ టేపు తీశాడు. ఈసారి ఎత్తులు కొలవలేదు. నేల నుంచి మొదటి మచ్చ దాకా, మొదటి మచ్చ నుంచి రెండో మచ్చ దాకా. పద్దెనిమిది అంగుళాలు, పదిహేను. పద్దెనిమిది, పద్నాలుగు. పదిహేడున్నర, పదిహేను. తొంభై మూడు మొక్కల్లో రెండంగుళాలు తేడా వచ్చినవి నాలుగే. హరిలాల్ చివరికి జంపక్క మోకాలి వైపు ఒకసారి చూసి టేపు చుట్టేశాడు.

కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకున్నారు. పూలి ఇంటికి పరుగెత్తి రెండు చీరలు, దువ్వెన, ఒక దుప్పటి తెచ్చింది. జీపు ఎక్కే ముందు జంపక్క తమ్ముడితో రెండే మాటలు మాట్లాడింది. కంది కాయ ఎండి గలగలమంటే ఆగొద్దని, కోతకు పూలిని పిలవమని. పగిడయ్య ఆమె చెయ్యి పట్టుకుని జీపు దాకా నడవబోయాడు. కాలు సాగలేదు.

మరునాడు మండల వ్యవసాయ అధికారి వచ్చి పది మొదళ్లు అడ్డంగా కోయించి చూశాడు. ఐదు నెలలకు తగ్గని మొక్కలని రాసిచ్చాడు. వారానికి సతీష్ దొరికాడు. ఖానాపురం హవేలిలోనే, బావమరిది ఇంట్లో ఉన్నాడు. అంతా పెద్దమ్మే చూసుకుందని వాంగ్మూలం ఇచ్చాడు. అతని ఫోన్లో ఆమె నంబరుకు చేసిన కాల్స్ తారీఖులు, ఆమె చెప్పిన రోజులు సరిపోయాయి. అది ఇద్దరికీ వ్యతిరేకంగానే పనికొచ్చింది. కేసులో మొదటి పేరు సతీష్‌ది, రెండోది జంపక్కది. పగిడయ్య సాక్షుల జాబితాలో ఉన్నాడు. పట్టా గురించి రెవెన్యూవాళ్లు ఒకసారి పిలిచి అడిగి, రాసుకుని, పంపించేశారు. ఇంతవరకు నోటీసు రాలేదు.

జంపక్క నలభై ఆరు రోజులు జైల్లో ఉంది. బెయిలుకు జామీను కావాలంటే పోడు పట్టా పనికిరాదన్నారు. కందులు కొనే చాంద్ పాషా తన దుకాణం ఇంటి పన్ను రసీదు పెట్టాడు. ఎందుకు పెట్టావని ఎవరో అడిగితే, "ఆమె తుంచిన చేన్ల గింజ లావుంటది భాయ్, నాకు నా సంగతి" అన్నాడు.

బయటికొచ్చాక తొలకరి దాకా ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. కొందరు భయపడ్డారు, కొందరు సిగ్గుపడ్డారు. పగిడయ్య ఆమె ఇంటికి రోజూ వచ్చి గడపలో కూర్చుంటాడు, మాట్లాడడు. ఒకసారి మాత్రం, "గట్లెందుకు జేస్తివి అక్కా" అన్నాడు. దేని గురించో అతను చెప్పలేదు. చేలో ఉన్న సంగతి తనకు చెప్పకపోవడమా, లేక ఎస్సైకి చెప్పడమా అని ఆమె అడగలేదు. "బువ్వ తిన్నవా?" అంది.

ఈ ఏడు తొలకరి తర్వాత పిలుపులు మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు ఆమె ముందు చేనంతా, సాళ్ల మధ్య కూడా, ఒకసారి నడిచి చూశాకే ఒప్పుకుంటోంది. కొందరు రైతులకు అది నచ్చడం లేదు. "మా మీద అనుమానమా?" అంటే, "నా మీద నాకే" అంటుంది.

బెయిలు షరతు ప్రకారం ఆమె ప్రతి సోమవారం ఎక్సైజ్ స్టేషన్‌కు వెళ్లి రిజిస్టర్‌లో వేలిముద్ర వేయాలి. పొద్దున బస్సుకు పోతే సాయంత్రం బస్సుకు రావడమే. హరిలాల్ రిజిస్టర్ తెరిచి ఇంకు ప్యాడు ముందుకు జరుపుతాడు. మొన్న ఒకసారి, తన ఊళ్లో పత్తి తొడ దాకా వచ్చింది, ఎప్పుడు తుంచాలని అడిగాడు.

"నీ తొడ దాకనా, నా తొడ దాకనా?" అంది జంపక్క.

చుట్టుపక్కల ఆరేడు ఊళ్ల రైతులు తలలు తుంచడానికి కూలీలను మాట్లాడుకునేటప్పుడు ఇప్పుడు మంగళవారం నుంచి లెక్క వేసుకుంటున్నారు. సోమవారం ఎందుకు వద్దో కొత్తగా వచ్చినవాళ్లెవరైనా అడిగితే, ఆ రోజు ఆమెకు ఖాళీ లేదని చెబుతున్నారు.